రీబాండింగ్ జుట్టు నుంచి సొంత నొక్కుల జుట్టుకు మారడం ఎలా?

“పెళ్లికి ముందు రీబాండింగ్ చేయించుకున్నానండీ. ఇప్పుడు నా రింగుల జుట్టు నాకు మళ్లీ కావాలనిపిస్తోంది. ఏ నూనె రాస్తే వస్తుంది?” ఈ ప్రశ్న మాటలు మార్చుకుని నెలకు నాలుగైదుసార్లు నా దగ్గరికి వస్తూనే ఉంది. అడిగేవారిలో ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలు ఉన్నారు, బాలింతలు ఉన్నారు, కూతురి తరఫున అడిగిన ఒక తండ్రి కూడా ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాయడం మేలనిపించింది.

ఏ నూనె రాసినా రాదు. రీబాండింగ్ అంటే మందు పెట్టి జుట్టును నిటారుగా చేయడం. ఆ మందు పడిన వెంట్రుకలో లోపలి బంధాలు తెగి, నిటారుగా ఉన్న స్థితిలో మళ్లీ ముడిపడ్డాయి. మాడు దాటి బయటికి వచ్చిన వెంట్రుకకు ప్రాణం ఉండదు కాబట్టి అది తనంతట తాను పాత రూపానికి తిరగదు. మీ సొంత జుట్టు కుదుళ్ల నుంచి కొత్తగా రావాలి, మందు పడిన భాగం ఎప్పటికైనా కత్తెరకు పోవాలి. ఈ రెంటికీ మధ్య గడిచే నెలల్లో ఒకే వెంట్రుక పైసగం నొక్కులుగా, కిందిసగం నిటారుగా ఉంటుంది. రెండూ కలిసే చోటును నేను అతుకు అంటాను. మీ జుట్టంతటిలో అత్యంత బలహీనమైన చోటు అదే, తెగితే అక్కడే తెగుతుంది. కింద రాసిన పనులన్నీ ఆ అతుకును కాపాడుకోవడానికే.

నాకు పూర్తిగా మారడానికి రెండేళ్ల రెండు నెలలు పట్టింది. అందులో మొదటి ఎనిమిది నెలలు వృథా అయ్యాయి. కొత్తగా వచ్చిన నొక్కులు కింది జుట్టుతో కలవడం లేదని ప్రతి ఆదివారం కుదుళ్ల దగ్గర ఇస్త్రీ (జుట్టుకు పెట్టే వేడి స్ట్రెయిటెనర్) పెట్టాను. చివరికి అతుకు కింది జుట్టుతోపాటు దాని పైన కొత్తగా వచ్చిందీ పాడైంది. మీరు ఆ దారిన వెళ్లకండి.

ముందుగా, మీకు చేసింది ఏమిటో తెలుసుకోండి

పార్లర్‌లో చెప్పిన పేరును బట్టి నిర్ణయించుకోవద్దు, చేసిన పనిని గుర్తు తెచ్చుకోండి. మొదట ఒక క్రీము రాసి, కొంతసేపు ఉంచి కడిగి, ఇస్త్రీ చేసి, ఆ తరువాత రెండో క్రీము రాసి మళ్లీ కడిగి ఉంటే అది శాశ్వతమైన పద్ధతి. రీబాండింగ్ అన్నా, స్మూత్‌నింగ్ అన్నా సాధారణంగా వాడేది థయోగ్లైకోలేట్ (వెంట్రుక లోపలి బంధాలను తెంచే రసాయనం) ఉన్న క్రీమే. అలా చేసిన జుట్టు కత్తిరిస్తే తప్ప పోదు. అలా కాకుండా ఒకే ద్రవం రాసి, ఆరబెట్టి, కళ్లు మండే పొగ మధ్య ఇస్త్రీ చేసి, మూడు రోజులు తల తడపవద్దని పంపించి ఉంటే అది కెరాటిన్ తరహా పూత. అది సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో కడుక్కుపోతుంది, కాబట్టి ఇస్త్రీ వేడికి జుట్టు మరీ దెబ్బతినకపోతే మీరు చేయవలసింది ఓపిక పట్టడమే.

గుర్తు లేకపోతే ఒక పరీక్ష ఉంది. చేయించుకుని ఆరు నెలలు దాటిన తరువాత తలస్నానం చేసి, ఏమీ రాయకుండా, దువ్వకుండా ఆరనివ్వండి. చివర్ల వరకు కాస్తయినా నొక్కులు తేలితే అది పూత. పైన నాలుగు వేళ్ల మేర నొక్కులు తేలి, కింద జుట్టు కొబ్బరి ఈనెల్లా నిటారుగా వేలాడితే అది శాశ్వతమైనది. ఈ వ్యాసం మీకోసమే.

ఇంకొక మాట. ఈ మార్పుకు వాడే ట్రాన్సిషన్ (నెమ్మదిగా మారడం), బిగ్ చాప్ (ఒకేసారి కత్తిరించేయడం) అన్న మాటలు అమెరికాలోని నల్లజాతి స్త్రీల నుంచి వచ్చాయి. జుట్టును నిటారుగా చేయడానికి వారు తరతరాలుగా వాడిన రిలాక్సర్లు అనే మందులు చాలావరకు సోడియం హైడ్రాక్సైడ్ వంటి ఘాటైన క్షారాలతో చేసినవి. అతుకు గురించి మనకు ఈరోజు తెలిసినదాంట్లో చాలాభాగం వారి అనుభవమే, అందుకు వారికి రుణపడి ఉన్నాం. అయితే వారి జుట్టు మనదానికంటే బిగువైన చుట్లు తిరుగుతుంది. వారికి పనికివచ్చే చిక్కటి షియా బటర్లు మన నొక్కుల జుట్టును జిడ్డుగా వేలాడేస్తాయి. వీడియోల్లో చూసినవన్నీ కొనకండి. అమెరికాలో ఉండి అలాంటి రిలాక్సర్ నిజంగానే వేయించుకున్నవారు మాత్రం ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి: దాని మీద ఇక్కడి రీబాండింగ్ క్రీముగానీ, నొక్కులు తెప్పించే పర్మ్ మందుగానీ పడకూడదు. ఆ రెండు రసాయనాలకూ పొత్తు కుదరదు, జుట్టు గుప్పెళ్లతో తెగి వస్తుంది.

కావలసినవి

వెడల్పు పళ్ల దువ్వెన ఒకటి (పళ్ల అంచులు వేలికి గరుకుగా తగలకూడదు), సల్ఫేట్ లేని షాంపూ, నెలకోసారి వాడుకోవడానికి మామూలు షాంపూ చిన్న సీసా, వేళ్ల మధ్య జారే చిక్కటి కండిషనర్, కొబ్బరి నూనె, నీళ్లు చిమ్మే స్ప్రే సీసా, నాలుగు పెద్ద క్లిప్పులు, గుడ్డ చుట్టిన రబ్బరు బ్యాండ్లు, తల తుడుచుకోవడానికి మెత్తబడిన పాత నూలు పంచె లేదా టీషర్టు, సాటిన్ దిండు గలీబు, బట్టలు కుట్టేవారి టేపు. వీటికి తోడు జుట్టుకు మాత్రమే వాడే కత్తెర ఒకటి ఉండాలి. కాగితాలు, పాల ప్యాకెట్లు కోసే కత్తెరతో జుట్టు కత్తిరిస్తే చివర్లు నలిగి, వారం తిరగకుండానే చిట్లుతాయి.

సాటిన్ గలీబు కొనక్కర్లేదనుకుంటే, చిరిగిన పట్టుచీరలో జరీ లేని మేర కత్తిరించి దిండుకు చుట్టినా సరిపోతుంది. నేను మా అమ్మ పాత ధర్మవరం చీర ముక్కనే నాలుగేళ్లుగా వాడుతున్నాను.

1. ఒకేసారి కత్తిరించాలా, నెమ్మదిగానా అన్నది తేల్చుకోండి

జుట్టు నెలకు ఒక సెంటీమీటరు నుంచి సెంటీమీటరుంబావు పెరుగుతుంది. అంటే ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు. టేపు తీసుకుని నడినెత్తి నుంచి మీకు కావలసిన పొడవు వరకు కొలిచి, దానిని 12తో భాగించండి. వచ్చేది సుమారుగా మీకు పట్టే ఏళ్లు. గడ్డం వరకు చాలనుకుంటే ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, భుజాల వరకు కావాలంటే రెండు నుంచి మూడేళ్లు పట్టవచ్చు. నొక్కుల జుట్టు ఆరిన తరువాత పైకి ముడుచుకుంటుంది కాబట్టి టేపు చెప్పిన పొడవుకంటే అద్దంలో పొట్టిగానే కనిపిస్తుంది. ఈ లెక్క ముందే వేసుకున్నవారు మధ్యలో నిరాశపడరు.

ధైర్యం ఉంటే ఒకేసారి కత్తిరించేయడమే సులువైన దారి. అతుకే ఉండదు కాబట్టి కింద రాసిన జాగ్రత్తల్లో సగం మీకు అక్కర్లేదు. కనీసం ఏడెనిమిది సెంటీమీటర్ల కొత్త జుట్టు వచ్చేదాకా ఆగి కత్తిరించుకుంటే ముఖానికి నప్పేలా ఆకారం ఇవ్వవచ్చు. తిరుమలలో తలనీలాల మొక్కు ఉన్నవారికి ఈ చిక్కే లేదు. కల్యాణకట్ట నుంచి బయటికి వచ్చేసరికి మారే పని మొత్తం పూర్తయిపోతుంది. మూడు కత్తెరలు మాత్రమే ఇచ్చే మొక్కయితే అది ఈ లెక్కలోకి రాదు.

జుట్టు పొట్టిగా ఉండడం మీకు గానీ, ఇంట్లోవారికి గానీ భరించరానిదైతే నెమ్మదిగా మారండి. అందులో తప్పేమీ లేదు, నేనూ అలాగే చేశాను. కాన్పు అయి ఆరు నెలలు దాటనివారు, డెంగ్యూ, టైఫాయిడ్ వంటి జ్వరం నుంచి ఈమధ్యే తేరుకున్నవారు మాత్రం కొంతకాలం ఆగి మొదలుపెట్టండి. ఆ రోజుల్లో జుట్టు కుదుళ్లతో సహా ఊడడం సహజం. మీరు అదంతా అతుకు దగ్గర తెగడమేననుకుని కంగారుపడతారు.

2. ఆపవలసినవి ఒకే రోజున ఆపండి

టచప్ (కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చిన జుట్టుకు మళ్లీ మందు పెట్టించడం), ఇస్త్రీ, వేడి గాలి డ్రయ్యర్, బ్లీచ్ చేసి వేసే రంగులు. ఈ నాలుగింటినీ ఆపిన తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి. మీ లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. “ఈ ఒక్కసారికి కుదుళ్లకు మాత్రం టచప్ చేయించుకుని, తరువాత మానేస్తాను” అన్నవారందరికీ లెక్క మళ్లీ సున్నా దగ్గరికే వచ్చింది.

అందం సంగతి పక్కన పెట్టినా, ఆపడానికి ఇంకో కారణం ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33 వేల మందికి పైగా స్త్రీలను దాదాపు పదకొండేళ్లు గమనించి 2022లో ఒక అధ్యయనం వెలువరించారు. ఏడాదిలో నాలుగుసార్లకు మించి స్ట్రెయిటెనింగ్ మందులు వాడామన్న వారిలో గర్భాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. మందే కారణమని దానితో రుజువైనట్టు కాదు, ఒకటి రెండుసార్లు చేయించుకున్నవారు భయపడనక్కర్లేదు. అయినా తరచుగా చేయించుకునే అలవాటును మానుకోవడానికి అది చాలదా?

3. తలస్నానం

వారానికి రెండుసార్లు చాలు. గంట ముందు అతుకు నుంచి చివర్ల వరకు కొబ్బరి నూనె పలచగా రాయండి. అన్ని నూనెల్లోనూ కొబ్బరి నూనెనే ఎందుకు చెబుతున్నానంటే అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు మాంసకృత్తు పోకుండా కొంతవరకు అడ్డుపడుతుంది. ఆముదం జిగటగా పైనే ఉండిపోతుంది, వదిలించడానికి రుద్దవలసి వస్తుంది. ఆ రుద్దుడే అతుకుకు ప్రమాదం. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె పట్టించకండి. నూనెతో చుండ్రు పెరగవచ్చు.

జుట్టును నాలుగు పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టి, ఒక్కొక్క పాయనే కడగండి. షాంపూను చెంబులో నీళ్లు కలిపి పలచన చేసి, వేళ్ల చివర్లతో మాడుకు మాత్రమే పట్టించండి. కింది జుట్టుకు జారివచ్చే నురగే సరిపోతుంది. చిన్నప్పుడు మన అమ్మలు తలంటు పోసినట్టు జుట్టునంతా నడినెత్తికి చేర్చి, ముద్ద చేసి రుద్దడం మాత్రం వద్దు. అలా ఒక్కసారి రుద్దితే పడే చిక్కును తీయడానికి గంట పడుతుంది, తీసేలోగా యాభై వెంట్రుకలు తెగుతాయి.

కుంకుడుకాయ వాడవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. కుంకుడు రసం మాడును బాగా శుభ్రం చేస్తుంది, కానీ మందు పడిన జుట్టును ఇంకా బిరుసుగా చేసి చిక్కులు పెడుతుంది. మానలేనివారు రసాన్ని బాగా పలచన చేసి, మాడు వరకే వాడి, తరువాత తప్పకుండా కండిషనర్ పెట్టుకోండి. సీకాయను పొడిగా కాక, నానబెట్టి పల్చటి గుడ్డలో వడకట్టిన రసంగా వాడండి. పొడి రేణువులు జుట్టులో ఇరుక్కుని, దువ్వేటప్పుడు ఇసుకలా రాపిడి పెడతాయి.

నీటి సంగతి కూడా చూడాలి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే జుట్టు ఎంత కడిగినా జిగటగా, గడ్డిలా ఉంటుంది. బకెట్ అంచున తెల్లటి పొర కడుతోందంటే మీ నీళ్లు అలాంటివే. హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంట్లలో ఉన్నవారికి, అటు లండన్‌లో ఉన్న మనవాళ్లకూ ఈ బాధ ఒకటే. చివరి చెంబులు రెండు మాత్రం మంచినీళ్లతో పోసుకోండి. ఫిల్టర్ నుంచి బయటికి పోయే వృథా నీటిని తలకు వాడేవారున్నారు. అందులో లవణాలు ఇంకా ఎక్కువ ఉంటాయి, వద్దు. నెలకోసారి మామూలు షాంపూతో కడిగితే పేరుకున్న పొర పోతుంది.

4. చిక్కు తీయడం

ఈ ఒక్క అడుగు సరిగా చేస్తే మిగతావాటిలో చిన్నచిన్న పొరపాట్లు జరిగినా జుట్టు నిలబడుతుంది. అందుకే ఇక్కడ నిదానంగా చదవండి.

పొడి జుట్టును ఎప్పుడూ దువ్వవద్దు. మొత్తం నీరు కారే తడి జుట్టును ఏమీ రాయకుండా దువ్వడం కూడా మంచిది కాదు, ఎందుకంటే తడిసిన వెంట్రుక సాగి తెగుతుంది. తడి జుట్టుకు షాంపూ కంటే రెట్టింపు కండిషనర్ పట్టించి, మూడు నిమిషాలు ఆగి, అది ఉండగానే చిక్కు తీయండి.

ఒక పాయ తీసుకోండి. ఎడమచేత్తో అతుకు ఉన్న చోటును, అంటే నొక్కులు ఆగిపోయి జుట్టు నిటారుగా మారిన చోటును, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. గట్టిగా నలపక్కర్లేదు, కింద లాగిన లాగుడు పైకి పాకకుండా ఆపితే చాలు. కుడిచేతి వేళ్లతో మొదట చివరి నాలుగు అంగుళాల చిక్కు విప్పండి. తరువాత దాని పై నాలుగు అంగుళాలు. అలా కింద నుంచి పైకి అతుకు దాకా వచ్చాకే దువ్వెన చేతిలోకి తీసుకోండి. దువ్వెన కూడా అదే వరుసలో నడవాలి. ముడి తగిలితే లాగకండి, ఆ ముడి మీద ఇంకొంచెం కండిషనర్ వేసి వేళ్లతో పక్కలకు విడదీయండి. చాలా ముడులు అతుకు దగ్గరే పడతాయి, ఎందుకంటే పై నొక్కులు కింది నిటారు వెంట్రుకలను చుట్టుకుంటాయి. ఆ ముడి ఎంతకీ విడకపోతే ఆ నాలుగు వెంట్రుకలనూ కత్తెరతో తీసేయండి. లాగి నలభై తెంపుకోవడం కంటే అది నయం.

దువ్వడం అయిన పాయను వదులుగా మెలితిప్పి క్లిప్పు పెట్టి, రెండో పాయకు వెళ్లండి. నాలుగూ అయ్యాక పాయలు విప్పకుండానే కండిషనర్ కడిగేయండి.

మొదట్లో నాకు దీనికి నలభై నిమిషాలు పట్టేది, చేయి తిరిగాక పదిహేను నిమిషాలకు వచ్చింది. ఉదయం ఆఫీసు హడావిడిలో ఈ పని పెట్టుకోకండి.

5. ఆరబెట్టడం, రెండు రకాల జుట్టును కలపడం

పంచెతో జుట్టును గుప్పిట్లో పట్టి నొక్కి నీరు పిండాలి, టర్కీ టవల్‌తో రుద్దకూడదు, టవల్‌ను తలపాగాలా బిగించకూడదు. ముప్పాతిక వంతు ఆరాక జుట్టును కలపడం మొదలుపెట్టవచ్చు.

పైన నొక్కులు, కింద నిటారు జుట్టు ఉంటే బయటికి ఎలా వెళ్లాలన్నదే అందరి బాధ. పరిష్కారం మనం బడికి వెళ్లే రోజుల్లో చూసినదే. సోమవారం బిగించి అల్లిన రెండు జడలను సాయంత్రం రిబ్బన్లు విప్పి వదిలితే జుట్టంతా అలలు అలలుగా నిలిచేది కదా, అదే ఇప్పుడు కావాలి. కాస్త చెమ్మగా ఉన్న జుట్టుకు అవిసె గింజల జెల్ రాసి, నాలుగు నుంచి ఆరు జడలుగా అల్లి, చివర్లను వేలికి చుట్టి గుడ్డ బ్యాండ్‌తో కట్టి పడుకోండి. ఉదయం పూర్తిగా ఆరిన తరువాతే విప్పండి. చెమ్మ ఉండగా విప్పితే అరగంటలో కింది జుట్టు మళ్లీ నిటారుగా సాగిపోతుంది. జడను కుదుళ్ల దగ్గర వదులుగా, అతుకు దాటాక కొంచెం బిగువుగా అల్లాలి, ఎందుకంటే నొక్కులు తెప్పించవలసింది కింది భాగానికే. ఇలా చేస్తే రెండు మూడు రోజులు తేడా కనిపించదు.

జెల్ ఇంట్లోనే చేసుకోవచ్చు. పావు కప్పు అవిసె గింజలను రెండు కప్పుల నీళ్లలో వేసి సన్నటి మంట మీద కలుపుతూ ఉంచండి. ఏడెనిమిది నిమిషాల్లో గుడ్డులోని తెల్లసొనలా తీగ సాగుతుంది. గరిటె ఎత్తితే చుక్కలుగా కాక దారంగా జారిన క్షణమే దింపి, వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడకట్టండి. చల్లారితే గింజల నుంచి జెల్ విడిపోదు, గుడ్డ పిండి పిండి చేతులు నొప్పెడతాయి. ఫ్రిజ్‌లో వారం నిలవ ఉంటుంది. వాసన మారితే పారబోయండి.

విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో గ్లిసరిన్ ఎక్కువ ఉన్న క్రీములు జుట్టును ఉబ్బిస్తాయి, అక్కడ జెల్ మేలు.

పెళ్లిళ్లకు వెళ్లవలసి వస్తే ఇస్త్రీ వైపు చూడకండి. ముందు వైపు పాపిట తీసి, చెవుల మీదుగా రెండు సన్నపాయలు అల్లి వెనక్కి కలిపి, మిగతాది జడ వేసుకుంటే సరిపోతుంది. సవరం పెట్టుకోవచ్చు గానీ దాని బరువంతా అతుకు మీద పడకుండా కుదుళ్లకు దగ్గరగా కలిపి అల్లించుకోండి, ఆ పూటకు మించి ఉంచకండి. మల్లెచెండును పిన్నులతో అతుకు మీద గుచ్చకుండా, జడకే దారంతో కట్టండి.

6. రాత్రిపూట

వదులుగా ఒక జడ, సాటిన్ గలీబు. అంతే.

7. వారానికోసారి బలం, మెత్తదనం

ఒక తడి వెంట్రుకను రెండు చేతులతో మెల్లగా లాగి చూడండి. కొంచెం సాగి మళ్లీ యథాస్థితికి వస్తే బాగుంది. బబుల్‌గమ్‌లా సాగుతూ పోయి తెగితే మాంసకృత్తు తగ్గింది, హైడ్రోలైజ్డ్ ప్రోటీన్ (చిన్న ముక్కలుగా విడగొట్టిన మాంసకృత్తు) ఉన్న మాస్కును నెలకు ఒకటి రెండుసార్లు పెట్టండి. సాగకుండానే పుటుక్కున తెగితే మెత్తదనం తగ్గింది, ప్రోటీన్ ఆపి కండిషనర్ సమయం పెంచండి. పచ్చి గుడ్డు పూస్తే ప్రోటీన్ అందుతుందన్నది అపోహ. గుడ్డులోని అణువులు వెంట్రుకలోకి దూరలేనంత పెద్దవి. మందార ఆకుల గుజ్జు, నానబెట్టిన మెంతుల జిగురు జుట్టుకు జారుడునిస్తాయి, వడకట్టి వాడుకోవచ్చు. నిమ్మరసం, వంటసోడా తలకు వద్దు. గోరింటాకు పెట్టుకునేవారు ఈ కాలంలో ఆపితే మంచిది, అది పూతలా పట్టి కొత్త నొక్కులను సాగదీయవచ్చు.

8. కొంచెం కొంచెంగా కత్తిరించడం

రెండు నెలలకోసారి రెండు సెంటీమీటర్లు తీయండి. ఆ లోపు పెరిగేది కూడా దాదాపు అంతే కాబట్టి పొడవు తగ్గినట్టు ఎవరికీ కనిపించదు, పాత జుట్టు మాత్రం కింద నుంచి తరుగుతూ వస్తుంది. పార్లర్‌కు వెళితే ముందే స్పష్టంగా చెప్పండి: ఇస్త్రీ పెట్టవద్దు, పలచన చేసే పళ్ల కత్తెర వాడవద్దు, రెండు సెంటీమీటర్లకు మించి తీయవద్దు. ఎంత తీయాలో మీ వేలితో చూపించండి, మాటతో సరిపెట్టుకోకండి.

సరిగా జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

నెలకోసారి, ఒకే తేదీన, తడి జుట్టులో నాలుగు చోట్ల కొలవండి: నుదుటి పైన, నడినెత్తి, చెవి వెనుక, మెడ దగ్గర. మాడు నుంచి అతుకు వరకు జుట్టును మెల్లగా సాగదీసి టేపు పెట్టాలి. ఆరు నెలలకు ఆరు నుంచి ఏడున్నర సెంటీమీటర్లు వస్తే మీ జుట్టు మామూలుగా పెరుగుతున్నట్టే. నాలుగు చోట్లా ఒకేలా లేకపోయినా కంగారుపడనక్కర్లేదు.

దువ్వెనలో వచ్చిన వెంట్రుకలను పారేయకుండా ఒక తెల్ల కాగితం మీద పరచి చూడండి. నిండు పొడవు ఉండి, ఒక కొసన చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నుంచి సహజంగా రాలిన వెంట్రుక. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే, మూడు రోజులు దువ్వకపోతే ఆ మూడు రోజులవీ ఒకేసారి వస్తాయి. బొడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే అవి తెగినవి. ముక్కల్లో సగం నొక్కు, సగం నిటారు కనిపిస్తే అతుకు దగ్గరే తెగుతున్నాయన్నమాట, నాలుగో అడుగును మళ్లీ చదివి చేతిపట్టు సరిచూసుకోండి. బొడిపెలున్నవే కుప్పలుగా వస్తూ, పాపిట వెడల్పవుతుంటే అది ఈ మార్పుకు సంబంధించినది కాదు. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని చర్మవైద్యులను కలవండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య వెనక్కి తగ్గిపోవడం అన్నిటికంటే పెద్దది. మూడు నాలుగు సెంటీమీటర్ల జుట్టులో నొక్కు పూర్తిగా తిరగదు, ఉబ్బెత్తుగా, చిందరవందరగా మాత్రమే కనిపిస్తుంది. “తలేంటమ్మా పిచ్చుకగూడులా ఉంది” అని అత్తగారో, మేనత్తో అనేది సరిగ్గా అప్పుడే. మీ సొంత జుట్టు ఇంతే కాబోలు, ఇందుకే కదా అప్పుడు రీబాండింగ్ చేయించుకున్నాను అనిపిస్తుంది. ఆ జుట్టును చూసి తీర్పు చెప్పకండి. కనీసం పది సెంటీమీటర్లు రానివ్వండి, చుట్టు ఒకసారి పూర్తిగా తిరిగాక చూడండి.

కింది నిటారు జుట్టుకు పర్మ్ చేయిస్తే రెండూ కలిసిపోతాయని పార్లర్లలో చెబుతారు. ఒకసారి మందు తిన్న జుట్టుకు మళ్లీ మందు పెడితే అది తట్టుకోలేదు. ఒప్పుకోకండి.

వారానికో కొత్త సీసా కొనడం మరొకటి. ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియకుండా పోతుంది. ఒకటి మొదలుపెడితే కనీసం నాలుగు వారాలు వాడండి.

ఇక చిన్నప్పటి రింగులే యథాతథంగా వస్తాయని పట్టుబట్టకండి. వయసుతో, కాన్పులతో జుట్టు తీరు మారవచ్చు. నాకు చిన్నప్పుడు బిగుతైన రింగులు, ఇప్పుడు వచ్చినవి వదులైన నొక్కులు. మొదటి నెల చిన్నబుచ్చుకున్న మాట నిజం. ఇప్పుడు అవే నాకు ఇష్టం.

9. చివరి కత్తిరింపు

కొత్త జుట్టు మీకు కావలసిన పొడవుకు వచ్చిన రోజున, తల తడిపి, కండిషనర్ రాసి, దువ్వకుండా వేళ్లతోనే పాయలు విడదీయండి. తడి జుట్టులో అతుకు గీత గీసినట్టు కనిపిస్తుంది. ప్రతి పాయనూ విడిగా పట్టుకుని అతుకుకు సరిగ్గా పైన కత్తిరించాలి. ఆరాక ముడుచుకుంటుందని గుర్తుంచుకుని, ఆకారం కోసం ఇంకా పొట్టి చేయడం ఆ రోజు వద్దు, వారం ఆగి పొడి జుట్టు మీద సరిచేయించుకోండి. మెడ వెనుక భాగం మీ చేతికి అందదు కాబట్టి ఇంకొకరి సాయం తీసుకోండి.

కత్తిరించాక మళ్లీ కడిగి, ఏమీ రాయకుండా ఆరనివ్వండి. చెవుల వెనుక, మెడ మీద పిల్లజుట్టు దగ్గర కొన్ని నిటారు కొసలు దాదాపు ప్రతి ఒక్కరికీ మిగిలిపోతాయి. అద్దానికి వీపు పెట్టి, చేతిలో ఇంకో అద్దం పట్టుకుని చూస్తే మిగతా నొక్కుల మధ్య అవి సూదుల్లా పొడుచుకుని కనబడతాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసేయండి. రెండు మూడు తలస్నానాల దాకా కొత్తవి బయటపడుతూనే ఉంటాయి కాబట్టి కత్తెరను అద్దం దగ్గరే ఉంచుకోండి.